వానాకాలంలో కుక్క బెల్టు, తాడు వాసన, బూజు: మన డెల్టా తేమకి ఏం చేస్తున్నారు?

రాజోలు_దీవి:
అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో లాబ్రడార్, పెరట్లో నాటు కుక్క ఉన్నాయి. లాబ్‌కి నైలాన్ బెల్టు, నాటుదానికి తోలు పట్టీ. బయట తిప్పడానికి ఒక నైలాన్ తాడు, ఒక గొలుసు. కాలవలకి నీళ్లు వదిలిన దగ్గర్నుంచి లాబ్ రోజూ అందులో దిగాల్సిందే. బెల్టు ఎన్నిసార్లు ఉతికినా రెండు మూడు రోజుల్లో మళ్లీ నీచు వాసన. మెడ కింద వెంట్రుకలు పల్చబడి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. తోలు పట్టీ లోపలివైపు తెల్లగా బూజు పట్టింది. ఇంటర్నెట్‌లో ఉన్న చిట్కాలన్నీ తేమ లేని ఊళ్లవాళ్లు రాసినవే. గంటసేపు గాలికి ఆరబెడితే చాలంటారు. శ్రావణమాసం ముసురులో మనకి గంటలో జేబురుమాలు కూడా ఆరదు. ఇక్కడే ఉండి కుక్కల్ని పెంచుతున్నవాళ్లు మీరేం చేస్తున్నారో చెప్పండి.

పాలకొల్లు_కాలవగట్టు:
ముందు ఇంకో బెల్టు కొనండి. ఒకటి మెడలో, ఒకటి దండెం మీద. ఎంత మంచి సబ్బు పెట్టి ఉతికినా, తడి ఆరకుండా మళ్లీ కట్టేస్తే సాయంత్రానికి మొదటికే వస్తుంది. మేం కాలవ నుంచి రాగానే బెల్టు తీసేస్తాం. మెడ చుట్టూ తువ్వాలుతో బాగా తుడిచి ఆరిన బెల్టు కడతాం. రాత్రి ఇంట్లో పడుకునేటప్పుడు అసలు బెల్టే ఉంచం. ఈ ఒక్క అలవాటుతో మా కుక్కకి మెడ దగ్గర గోక్కోవడం తగ్గింది.

కాకినాడ_రసాయనం:
రాజోలు గారూ, నేను కెమిస్ట్రీ చెబుతాను, ఇంట్లో రెండు కుక్కలు ఉన్నాయి కాబట్టి ఇది నాకు రోజువారీ విషయమే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నైలాన్ పట్టీ నేతలో కుక్క ఒంటి నూనె, చర్మం పొట్టు, కాలవ ఒండ్రు ఇరుక్కుంటాయి. తడి ఆరకపోతే వాటి మీద బాక్టీరియా పెరుగుతుంది. వాసన వచ్చేది దానివల్ల. పైపైన సబ్బు రాసి కడిగితే పైమురికే పోతుంది, అందుకే నానబెట్టాలి. బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి, కుక్కల షాంపూ కొద్దిగా కలిపి అరగంట ఉంచండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో నేత వెంబడి రుద్దండి. పట్టీ మడిచి కుట్టిన చోట, బకిల్ సందుల్లో, రింగు కింద ఎక్కువ పేరుకుంటుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. సబ్బు మిగిలితే అదే మెడకి దురద తెస్తుంది. వాసన మరీ పట్టేసి ఉంటే లీటరు నీళ్లకి చెంచాడు వంట సోడా కలిపి ఇంకో అరగంట నానబెట్టి మళ్లీ జాడించండి.

వంట సోడా, వెనిగర్ రెండూ కలిపి పొయ్యమని వీడియోల్లో చూపిస్తుంటారు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలపగానే ఒకదాని పనిని ఇంకోటి ఆపేస్తుంది, మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. నురగ చూసి మోసపోవద్దు, ఏదో ఒకటే వాడండి.

బ్లీచింగ్ పౌడరు మాత్రం వద్దే వద్దు. వరదల తర్వాత చాలా ఇళ్లలో ఉంటుంది, క్రిములు పోతాయని అందులో నానబెడతారు. క్లోరిన్ నైలాన్ దారాన్ని బలహీనం చేస్తుంది. రంగు పోతే కంటికి తెలుస్తుంది, బలం పోయినా తెలియదు. రోడ్డు మీద కుక్క ఒక్కసారి లాగినప్పుడు పుటుక్కుమంటుంది. ఎండ కూడా నైలాన్‌కి మంచిది కాదు. రోజుల తరబడి మండుటెండలో దండెం మీద వదిలేస్తే అతినీలలోహిత కిరణాలకి పోగులు పెళుసుబారతాయి. ఆరబెట్టేది నీడలో, గాలి ఆడే చోట.

మరి ముసురులో ఎలా ఆరుతుంది అంటారా? ఉతికిన బెల్టుని పొడి తువ్వాల్లో చుట్టి మడమతో గట్టిగా తొక్కండి, తడి చాలావరకు దిగిపోతుంది. తర్వాత బకిల్ విప్పి, మడతలు లేకుండా ఫ్యాను కింద రాత్రంతా వేలాడదీయండి. నైలాన్ నీళ్లు పీల్చుకునే రకం. పాలిస్టర్ దాదాపు పీల్చుకోదు. ఈసారి కొనేటప్పుడు లేబుల్ చూసి పాలిస్టర్ పట్టీ అడగండి, వానాకాలంలో తేడా మీకే తెలుస్తుంది.

రామచంద్రపురం_పశువైద్యం:
కాకినాడ గారు శుభ్రత గురించి చెప్పారు, నేను మెడ గురించి చెబుతాను. రాజోలు గారూ, చర్మం ఎర్రబడి వెంట్రుకలు రాలుతున్నాయంటే బెల్టు ఉతకడంతో ఆగకండి, దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రిలో చూపించండి. చర్మం మానేదాకా మెడకి ఏదీ కట్టొద్దు. బయటికి తీసుకెళ్లాలంటే ఛాతీకి వేసే హార్నెస్ వాడుకోవచ్చు. వానాకాలంలో మా దగ్గరికి వచ్చే ఒరుపులు, రసి కారే పుళ్లు చాలావరకు మెడ కిందే ఉంటాయి. తడి బెల్టు కింద గాలి ఆడదు, చర్మం నాని మెత్తబడుతుంది, కుక్క గోకుతుంది, గీసుకున్న చోట చీము పడుతుంది. లాబ్‌కి దట్టమైన లోపలి బొచ్చు ఉంటుంది, పైకి ఆరినట్టు కనిపించినా అడుగున తడి ఉండిపోతుంది. వేళ్లు లోపలికి పెట్టి చూసుకోండి.

గుండ్రంగా వెంట్రుకలు రాలి పొలుసు లేస్తుంటే తామర కావచ్చు. అది మనుషులకీ అంటుకుంటుంది. అలాంటప్పుడు గుడ్డ బెల్టుని సబ్బుతో రెండుసార్లు విడివిడిగా బాగా ఉతికి ఆరబెట్టుకుంటే మళ్లీ వాడొచ్చు. తోలు పట్టీ అయితే పారేయడమే నా సలహా. తోలు సందుల్లోంచి ఫంగస్‌ని పూర్తిగా తీయడం కష్టం. గజ్జి ఉన్న కుక్క బెల్టుని ఇంకో కుక్కకి కట్టొద్దు. ఒక్క బెల్టే ఇంట్లో అన్ని కుక్కలకీ మార్చి మార్చి కట్టేవాళ్లని చూస్తుంటాను, దయచేసి మానండి.

ఇంకో ముఖ్య విషయం. వరి చేలల్లో, వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. దాంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, అదే మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు, కుక్కలకీ మనకీ వస్తుంది. ఆ నీళ్లలో తడిసిన బెల్టు, తాడు ఉతికేటప్పుడు చేతికి గాయాలుంటే గ్లౌజులు వేసుకోండి. ఆ క్రిమికి తడి కావాలి, పూర్తిగా ఆరిన చోట బతకదు. కాబట్టి ఆరబెట్టడం ఒక్క వాసన కోసమే కాదు. కుక్కకి ఏటా లెప్టో టీకా పడిందో లేదో కార్డు చూసుకోండి.

ఫినాయిల్‌తో బెల్టు కడగొద్దు. అందులోని ఫినాల్ రకాలు కుక్కలకి మంచివి కావు, పిల్లులకి మరీ ప్రమాదం. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, బెల్టుకి ఉన్నది నోట్లోకి పోతుంది.

అంతర్వేది_తీరం:
మా బాధ కాలవ నీళ్లతో కాదండి, ఉప్పుతో. పొద్దున్నే సముద్రం ఒడ్డున తిప్పుతాం. ఎంత ఆరబెట్టినా మా కుక్క బెల్టు చెమ్మగానే ఉండేది. ఉప్పు పోకపోవడమే కారణం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. మన తీరంలో వానాకాలం రాత్రుళ్లు తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే నేతలో ఉప్పు మిగిలినంత కాలం బెల్టు గాలిలోంచే తడుస్తూ ఉంటుంది. సబ్బు కంటే ముందు మంచినీళ్లు ముఖ్యం. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో ఎన్నిసార్లు కడిగినా ఒకటే. చివరి జాడింపు మాత్రం తాగే నీళ్ల టిన్నులోంచి ఒక చెంబుడు తీసుకుని చేస్తాం. వానాకాలంలో అయితే చూరు నుంచి పడే నీళ్లు పట్టుకుంటాం, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు.

కొక్కేనికి కూడా అదే. లోపల స్ప్రింగు దగ్గర ఇసుక, ఉప్పు చేరితే గట్టిపడిపోతుంది, మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ పూర్తిగా మూసుకోదు. కుక్క తల విదిలిస్తే రింగు జారిపోతుంది. ఒడ్డు నుంచి రాగానే కొక్కేన్ని మంచినీళ్లలో ముంచి, మీటని పదే పదే నొక్కుతూ ఇసుక వదిలించండి. ఆరాక కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

కొబ్బరితోట_అంబాజీపేట:
తోలు పట్టీకి పట్టిన బూజు సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పట్టీలకి ఎప్పుడూ కొబ్బరినూనే. బూజు గుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు పెట్టి, నూనె రాస్తే మెత్తగా, నల్లగా నిగనిగలాడుతుంది. కుక్క నాకినా భయం లేదు. ఊరి నిండా నూనె ఉండగా డబ్బాల్లో వచ్చే కండిషనర్లు ఎందుకండి?

తోలుపని_తణుకు:
అంబాజీపేట గారూ, నేను తోలు పని చేసి బతుకుతున్నాను, అందుకని చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. కొబ్బరినూనె విషం కాదు. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని పల్చగా రాసి, అరగంట తర్వాత పొడి గుడ్డతో తుడిచేస్తే తప్పేం లేదు. కానీ మా దగ్గరికి వచ్చే పట్టీలు నూనెలో నానినట్టు ఉంటాయి. నూనె ఎక్కువైతే తోలు సాగిపోతుంది, బెజ్జాలు కోలగా అయిపోతాయి, దుమ్ము అంటుకుని జిడ్డు పేరుకుంటుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం చలిలో కుట్ల మీద తెల్లగా పేరుకుంటుంది, దాన్ని బూజనుకుని గీకుతారు. కొక్కెం స్ప్రింగుకి రాస్తే ఆ నెలల్లో బిగుసుకుపోతుంది. అంతర్వేది గారు చెప్పిన మిషను నూనే దానికి సరైనది.

పాతకాలంలో కిర్రు చెప్పులకి ఆముదం పట్టించేవారు, నేనూ చూశాను. చెప్పులకి బాగుంటుంది. కుక్క పట్టీకి వద్దంటాను, జిగట పోదు, కుక్క నాకితే విరేచనాలు అవుతాయి.

ఎండలో పెట్టడం మాత్రం ఒప్పుకోను. తోలుని నీళ్లలో నానబెట్టకూడదు, తడిసిన తోలుని ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఆరబెట్టకూడదు. వేడికి తోలు గట్టిపడి ముడుచుకుంటుంది. పగిలిన చోట ఎంత నూనె రాసినా అతకదు. రాజోలు గారి పట్టీకి ఇలా చేయండి. ముందు పెరట్లోకి తీసుకెళ్లి, మీ ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో బూజు దులిపేయండి. ఇంట్లో దులిపితే ఆ పొడి ఇల్లంతా చేరుతుంది. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి గట్టిగా పిండి, లోపలా బయటా తుడవండి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి, ముసురుంటే రెండు రోజులు పట్టినా పర్లేదు. ఆ తర్వాతే పల్చగా నూనె. తడి ఉండగా నూనె రాస్తే తడి లోపలే చిక్కుకుని బూజు మళ్లీ లేస్తుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టొద్దు.

ప్రతిసారీ తుడిచేటప్పుడు పట్టీని బయటికి వంచి చూడండి. బెజ్జాల చుట్టూ, రింగు పట్టుకునే మడత దగ్గర సన్నగా పగుళ్లు కనిపిస్తే అది ఇక బయటికి తీసుకెళ్లే పట్టీ కాదు. కుట్టు నూలు దారమైతే తడికి ముందు అదే కుళ్లుతుంది. తోలు బాగుంటే పాలిస్టర్ దారంతో తిరిగి కుట్టించుకోవచ్చు, చెప్పులు కుట్టేవాళ్లు ఎవరైనా చేసిపెడతారు.

కొబ్బరితోట_అంబాజీపేట:
తణుకు గారూ, ఎండ మాట ఒప్పుకుంటున్నాను. నూనె మాత్రం మానను, పల్చగానే రాస్తాను.

భీమవరం_వనామి:
ఈ చర్చలో చెప్పాల్సిన మాట ఒకటుంది, రొయ్యల చెరువులు ఉన్న వాళ్లందరూ చదవాలి. పిడుదులు పట్టకుండా కట్టే మందు బెల్టులు ఉన్నాయి కదా, వాటిలో చాలావాటిలో ఫ్లూమెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు ఉంటాయి. పురుగూ, పిడుదూ, రొయ్యా మూడూ కీళ్ల కాళ్లున్న ఒకే పెద్ద జాతికి చెందినవి. పిడుదుని చంపే మందు రొయ్యని కూడా చంపుతుంది, అదీ చాలా తక్కువ మోతాదులో. చేపలకీ ప్రమాదమే. అలాంటి బెల్టు కట్టిన కుక్కని చెరువులో దిగనివ్వకండి. ఆ బెల్టుని గట్టు మీద కూర్చుని చెరువు నీళ్లలో కడగొద్దు, పాతది చెరువులోకో కాలవలోకో విసిరేయొద్దు. కుక్కకి పిడుదుల మందు పోసి స్నానం చేయించిన నీళ్లు కూడా మళ్లీ చెరువులోకి పోకుండా చూసుకోండి. గట్ల మీద కాపలా కుక్క లేని చెరువు మన వైపు అరుదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రామచంద్రపురం_పశువైద్యం:
భీమవరం గారు చెప్పింది అక్షరాలా నిజం. చెరువు దగ్గర ఉండే కుక్కలకి మందు బెల్టు బదులు నోటి ద్వారా ఇచ్చే నమిలే మాత్రలు ఉన్నాయి. మూర్ఛ వచ్చే కుక్కలకి వాటితో జాగ్రత్త అవసరం, డాక్టరుని అడిగే ఇవ్వండి. మందు బెల్టుని మామూలు బెల్టులా సబ్బు పెట్టి ఉతక్కూడదు, మందు పోతుంది. స్నానాలు, ఈతలు ఎక్కువైతే అది పనిచేసే కాలం తగ్గుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న ఏ మందూ కుక్కకి వాడేముందు అడగండి, పిల్లులకి అది ప్రాణాంతకం.

మామూలు బెల్టుల్లో కూడా పిడుదులు దాక్కుంటాయి. కుక్క మెడ, చెవులు వాటికి ఇష్టమైన చోట్లు. బెల్టు తీసినప్పుడల్లా రెండు పొరలు కలిపి కుట్టిన సందులో చూడండి. కనిపిస్తే గుడ్డ బెల్టుని బాగా వేడి నీళ్లలో వేయండి, చల్లటి నీళ్లలో ముంచితే పిడుదు చావదు. ప్లాస్టిక్ బకిల్ ఉంటే మరిగే నీళ్లు మాత్రం వద్దు, వంకరపోతుంది.

నరసాపురం_అల్లిక:
షాంపూ లేనప్పుడు మేం కుంకుడు రసం వాడతాం అండి. వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, పిప్పి లేకుండా వడకట్టుకోవాలి. ఉప్పు బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డి తేలి నేతలో పట్టేస్తుంది. కుంకుడుకి ఆ ఇబ్బంది లేదు. కాకపోతే కళ్లలో పడితే మంట, అందుకని బెల్టు మెడకి ఉండగానే రుద్దకుండా విడిగా ఉతకండి.

నేను కుట్టుపని చేస్తాను కాబట్టి తాళ్ల గురించి ఒక మాట. అందరూ బెల్టే ఉతుకుతారు, తాడు మర్చిపోతారు. మన చేతి చెమట, రోడ్డు బురద, పేడ అన్నీ దానికే. పిడి దగ్గర మడిచి అడ్డంగా, కత్తెర గుర్తులా కుట్టిన చోటు చూడండి. ఒక్క దారం లేచినా ఊరుకోకండి, వెంటనే కుట్టించండి. అంచుల్లో పోగులు బొచ్చులా లేస్తుంటే కుక్క కొరికి నమిలిందో, గేటుకి రాసుకుందో చూసుకోండి. నైలాన్ చివర్లు విడిపోతే అగ్గిపుల్లతో కాల్చి ముద్ద చేస్తారు కదా, ఆ ముద్ద గరుకుగా ఉంటే మెడకి గీసుకుంటుంది, లోపలివైపుకి రాకుండా చూడాలి.

యానాం_గౌతమి:
వీధి కుక్కల గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా వీధిలో ఎవరో ముచ్చటపడి కుక్కపిల్లకి బెల్టు కట్టి వదిలేశారు. పిల్ల పెరిగింది, బెల్టు పెరగదు కదా. మెడ చుట్టూ కోసుకుపోయి పురుగులు పట్టాక మా కంటపడింది. మత్తు ఇచ్చి తీయించాల్సి వచ్చింది. మీకు ఎంత ప్రేమ ఉన్నా, రోజూ చూసుకోలేని కుక్కపిల్లకి బెల్టు కట్టకండి. టీకా వేసిన గుర్తు కోసం కట్టాలనుకుంటే, లాగితే విడిపోయే రకం పెద్ద కుక్కలకి మాత్రమే కట్టండి. ఇంట్లో పెంచే కుక్కపిల్లలకైనా వారం వారం బెజ్జం చూసి వదులు చేయాలి.

రాజోలు_దీవి:
అందరికీ ధన్యవాదాలు. లాబ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లాను, బెల్టు తీసేసి మందు రాయమన్నారు, ఎరుపు తగ్గుతోంది. నైలాన్ బెల్టు నానబెడితే నీళ్లు కాఫీ రంగులోకి తిరిగాయి, వాసన పోయింది. తోలు పట్టీ తణుకు గారు చెప్పినట్టు తుడిచి నీడలో వేలాడదీశాను. ఇక గొలుసు మిగిలింది. మెరుపు పూత లేచి తుప్పు కనిపిస్తోంది. తాడుకున్న ఇత్తడి కొక్కెం పచ్చగా చిలుము పట్టింది. ఈ రెండింటినీ ఏం చేయమంటారు?

కాకినాడ_రసాయనం:
ఇత్తడికి మన వంటింట్లో ఉన్న మందే చాలు. చింతపండు నానబెట్టి, కొంచెం ఉప్పు కలిపి గుడ్డతో రుద్దండి, అందులోని ఆమ్లం చిలుముని కరిగిస్తుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి తుడిచేయండి, ఉప్పు మిగలకూడదు. చిలుము రాగి లవణం, కుక్క నాకడం మంచిది కాదు, అందుకే ఉంచొద్దు. రింగు తోలు పట్టీకి ఉంటే చింతపండు రసం తోలుకి తగలకుండా చూసుకోండి.

గొలుసు దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పూత వేసిన ఇనుమే అయ్యుంటుంది. పూత లేచాక తుప్పు ఆగదు, రుద్దినకొద్దీ మిగిలిన పూత కూడా పోతుంది. కట్టేయడానికి మాత్రమే వాడతారంటే తుడిచి నూనె రాసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు, తిప్పడానికి వద్దు. అంటుకోకపోతే ఇత్తడో, స్టెయిన్‌లెస్ స్టీలో, జింక్ మిశ్రమమో కావచ్చు. చవక కొక్కేలు ఎక్కువగా ఈ జింక్ మిశ్రమంతో పోతపోసినవే. తేలిగ్గా ఉంటాయి, వంగకుండా ఒక్కసారే విరుగుతాయి. విరిగిన ముక్కని కుక్క మింగితే జింక్ విషం అవుతుంది. స్టీలు కొంటే, సముద్రం దగ్గర వాళ్లు 316 రకం దొరికితే తీసుకోండి, అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి మామూలు 304 రకం స్టీలు కంటే బాగా తట్టుకుంటుంది.

పాలకొల్లు_కాలవగట్టు:
ఎండాకాలంలో గొలుసు ఇంకో రకంగా బాధపెడుతుంది అండి, మెట్ట మధ్యాహ్నం ఎండలో కాలిపోతుంది. మెడ దగ్గర కొంత మేర పట్టీ ఉండి, తర్వాత గొలుసు మొదలయ్యేది చూసుకోండి.

రాజోలు_దీవి:
అర్థమైంది. గొలుసు తీసేస్తాను. రెండు పాలిస్టర్ బెల్టులు, ఇత్తడి కొక్కెం ఉన్న తాడు తీసుకుందామనుకుంటున్నాను. లాబ్‌కి సైజు ఎలా అడగాలి? కొట్టువాళ్లు కుక్క జాతి పేరు అడిగి ఇచ్చేస్తున్నారు.

రామచంద్రపురం_పశువైద్యం:
జాతి పేరు చెప్పి కొనొద్దు. కుట్టుపని టేపుతో మెడ మధ్యలో, బొచ్చు నొక్కకుండా కొలవండి. కట్టాక మీ రెండు వేళ్లు బెల్టు కిందకి తేలిగ్గా దూరాలి, అలాగని తల మీదుగా జారి రాకూడదు. ఆ కొలత సరిగ్గా మధ్య బెజ్జానికి వచ్చే సైజు తీసుకుంటే అటూ ఇటూ సర్దుకోవచ్చు. వెడల్పు పట్టీ అయితే లాగినప్పుడు ఒత్తిడి పరుచుకుంటుంది, లాబ్‌కి సన్న పట్టీ వద్దు. మెడ పూర్తిగా మానాకే కట్టండి, అప్పటిదాకా హార్నెస్ మీదే తిప్పండి. దాన్ని కూడా తడిసిన రోజు విప్పి, ఛాతీ కింద పట్టీలు ఆరబెట్టడం మర్చిపోకండి.